చూపు తగ్గిన వారికి మాటలాడు ఫోను

ఇంట చూపు మందగించిన పెద్దవారుండుట మనలో నెవ్వరికిని క్రొత్త కాదు. వారికి వేళకు అన్నము పెట్టుదుము. చేయి పట్టి నడిపింతుము. కంటిలో మందు చుక్కలు వేయుదుము. కాని ఫోను మ్రోగినప్పుడు మాత్రము "నీకు కనబడదు, ఇటు తెమ్ము" అని వారి చేతినుండి మనమే తీసికొందుము. ఇది ప్రేమచే చేయు పనియే. అయినను నేడు పింఛను పడిన వార్తయు, బ్యాంకువారి సందేశమును, దుబాయిలో నున్న కుమారుని మాటయు ఆ ఫోనులోనే వచ్చుచున్నవి. ఫోను పరుల చేతిలో నున్నచో తన సొమ్మును తన గుట్టును పరుల చేతిలో నున్నట్లే గదా! కావున చూపు తగ్గిన స్త్రీకి తగిన ఫోనును ఎంచుటయు, దాని నామెయే వాడునట్లు నేర్పుటయు ఎట్లో తెలుపదలచితిమి.

ఫోను కొనుటకు ముందు చేయవలసిన పని కన్నుల పరీక్ష. శుక్లములచే తగ్గిన చూపు శస్త్రచికిత్సచే చాలవరకు మరల వచ్చును. నీటికాసుల వ్యాధిచే పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని నిలుపుకొనుటయే సాధ్యము. షుగరు వ్యాధి వలన కంటి లోపలి పొర చెడుటయు కలదు. దానిని తొలినాళ్లలోనే కనిపెట్టవలెను. 2018 ఆగస్టు 15న మన రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన కంటి వెలుగు శిబిరములలోను, 2023లో జరిగిన రెండవ విడతలోను ఊరూరను కన్నులు పరీక్షించి కండ్లద్దములు ఉచితముగా నిచ్చిరి. అద్దములతో తీరు లోపమైనచో అద్దములే చాలును. చూపు తిరిగి రానివారికి, మిగిలిన చూపుతోను, స్పర్శతోను, వినికిడితోను దినచర్య సాగించుకొనుట నేర్పు విభాగము హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కలదు. ఆ సంస్థవారి కేంద్రమొకటి మన ఉత్తర తెలంగాణమున ముధోలులో 1996లో వెలసినది.

ఇక ఫోను సంగతి. బటను ఫోనులో అయిదవ అంకెపై చిన్న బొడిపె యుండును. వ్రేలు దానిపై నిలిపినచో తక్కిన అంకెలు ఎక్కడ నున్నవో చూడకయే తెలియును. టచ్ ఫోనులు వచ్చినప్పుడు ఆ బొడిపె పోయెను. నున్నని అద్దముపై వ్రేలికి గురుతు లేకపోయెను. చూపులేనివారు ఇక ఫోనునకు దూరమైనట్లే యని తోచెను. కాని 2009లో ఐఫోనునందు వాయిస్‌ఓవర్ అనునదియు, ఆండ్రాయిడ్ ఫోనులందు టాక్‌బ్యాక్ అనునదియు వచ్చినవి. వ్రేలు ఆనినచోట తెరపై నేమున్నదో ఇవి పైకి చదివి చెప్పును. భారతమున సంజయుడు ధృతరాష్ట్రునకు యుద్ధమును కన్నులకు గట్టినట్లు చెప్పెను. అయితే ఆ రాజునకు వినుటయే గాని చేయుటకు వీలులేదు. ఈ ఫోనునందో, విన్నవారే తమ వ్రేలితో పనియు చేసికొనగలరు.

అందరికిని ఒకే ఫోను తగదు. కొంత చూపు మిగిలినవారికి పెద్ద అక్షరములు, నల్లని తెరపై తెల్లని అక్షరములు, భూతద్దమువలె తెరను పెంచి చూపు ఏర్పాటు ఉపయోగపడును. ఇవి టచ్ ఫోనుల సెట్టింగులలోనే యుండును. వేరుగా సొమ్ము పెట్టనక్కరలేదు. చూపు బొత్తిగా లేనివారికి మాటలాడు ఏర్పాటే శరణ్యము. పిలుచుట, పలుకుట తప్ప వేరేమియు అక్కరలేని వృద్ధురాలికి, నొక్కిన అంకెను పైకి పలుకు బటను ఫోనే మేలు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ఆరంభించిన యూపీఐ 123పే వలన బటను ఫోనుతోను సొమ్ము పంపవచ్చును.

హుస్నాబాదు అంగడిలో కొన్నను, కరీంనగరము పోయి కొన్నను, వాడబోవు ఆమెను వెంట తీసికొని పోవలెను. కెమెరా ఎంత గొప్పదని అడుగుట ఆమె కుపయోగింపదు. ఆమె చేతిలో ఫోను ఇమిడినదా? ప్రక్కనున్న బటనులు తడిమిన తెలియుచున్నవా? స్పీకరు గట్టిగా పలుకుచున్నదా? ఇయర్‌ఫోను పెట్టుటకు రంధ్రమున్నదా? వ్రేలిముద్ర గుర్తించు చోటు ప్రక్కనో వెనుకనో తడిమిన దొరకునట్లున్నదా, లేక గాజు క్రింద దాగినదా? ఇవి చూడవలెను. దుకాణములోనే టాక్‌బ్యాక్ తెరచి వినుడు. వ్రేలు ఆనిన చాలసేపటికి గాని పలుకని ఫోను ఎంత చౌకయైనను వలదు. తెలుగు గొంతును కోరుడు; మొదట ఆంగ్లపు గొంతు వినబడినచో సెట్టింగులలో తెలుగు గొంతును డౌన్‌లోడు చేయింపుడు.

నేర్చుటలో ముఖ్యసూత్రములు నాలుగే. ఒకమారు తాకిన, అచ్చట నున్నది చదువును. తరువాత తెరపై నెచ్చటనైనను వెంటవెంట రెండుమార్లు తట్టిన, అది తెరచుకొనును. ఒక వ్రేలిని కుడికి జరిపిన, తరువాతి దానికి పోవును. పుట పైకి క్రిందికి కదలుటకు రెండు వ్రేళ్లు కావలెను. ఇది తెలియని ఇంటివారు ఆ ఫోనును పట్టుకొని, మామూలుగా తట్టి, తెరచుకొనకపోగా చెడిపోయినదని తలతురు. శబ్దము పెంచు, తగ్గించు బటనులు రెంటిని ఒక్కసారి కొంతసేపు నొక్కిపట్టిన మాటలాడుట ఆగునట్లును, మరల మొదలగునట్లును ముందే అమర్చి యుంచుడు. తొలిదినములందు ఫోను ఎత్తుట, పెట్టివేయుట మాత్రమే నేర్పుడు. ఆమె పిలుచువారి పేరులను తెలుగు లిపిలో వ్రాసి యుంచుడు. తెరపై గురుతుల చోటును, ఇంట చార్జరు చోటును మాటిమాటికి మార్చకుడు. పలకపై అక్షరమును మనమే వ్రాసి యిచ్చినచో బిడ్డకు అక్షరము రాదని, ఉపాధ్యాయుని ఇంట నుండు మేము నిత్యము వినుమాట. ఫోను విషయమునను అంతియే.

మే మెరిగిన యొక వృద్ధురాలు పింఛను పడినదో లేదో తెలియుటకు ప్రతి నెలయు మనుమనిపై ఆధారపడెడిది. అతడు చదువునకై పట్టణము పోయిన పిదప, "ఎన్ని పైసలు పడ్డయో జర చూడు బిడ్డా" అని ఇరుగుపొరుగువారికి ఫోనును, పిన్ను అంకెలను కూడ ఇచ్చెడిది. ఒక నెల లెక్క తగ్గెను. అడిగిన వైరము, అడుగకున్న నష్టము. ఎవరిని అడుగవలెనో కూడ ఆమెకు తెలియదు. అప్పుడు కోడలు పది పదునైదు దినములు అత్తగారి ప్రక్కన కూర్చుండి నేర్పెను. ఇప్పు డామె బ్యాంకు సందేశమును తానే వినుచున్నది. ఎవ్వరిని అనుమానింపనక్కరలేని ఆ నెమ్మది ఆమెకు పింఛనుకంటె పెద్ద లాభమైనది.

సొమ్ము విషయమున మరికొన్ని జాగ్రత్తలు. బ్యాంకు పని చేయునప్పుడు ఇయర్‌ఫోను పెట్టుకొన్నచో ఫోను చెప్పునది ప్రక్కవారికి వినబడదు. మాటలాడు ఏర్పాటు నడచుచుండగనే తెరను చీకటి చేయు వీలును కలదు. అప్పుడు వెనుక నిలిచినవారికి ఏమియు కనబడదు. చేతిలోని నోటు ఎంతదో కెమెరాతో చూచి చెప్పు మణి అను యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న వెలువరించినది. అది నోటు విలువను చెప్పునే గాని, మంచిదో దొంగదో చెప్పదు. ఓటీపీని ఎంతటివారు అడిగినను చెప్పరాదు. మోసము జరిగినచో ఆలసింపక 1930 అంకెకు ఫోను చేయవలెను.

ఇవన్నియు దయతో చేయు ఉపకారములని తలపరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అంధత్వమునేగాక చూపు మందగించుటను కూడ గుర్తించినది. బ్యాంకు ఖాతా తెరచుటకు కెమెరా యెదుట కనురెప్ప లార్పవలెనన్న పద్ధతి అంధులకును, యాసిడ్ దాడిచే కన్నులు చెడినవారికిని అడ్డగుచుండగా, వారు సుప్రీంకోర్టున మొరపెట్టుకొనిరి. ఇట్టి సేవలను ఫోను ద్వారా అందుకొనుటయు జీవించు హక్కులో భాగమేయని 2025 ఏప్రిల్ 30న ఆ న్యాయస్థానము తీర్పు చెప్పి, పద్ధతులను మార్పుడని ఆదేశించినది.

న్యాయస్థానము బ్యాంకులకు చెప్పిన మాట మన యిండ్లకును వర్తించును. వండి వడ్డించుటకు, పిల్లల చదువులకు మనకు దినమంతయు చాలదు, నిజమే. అయినను మధ్యాహ్నపు వేళ పావుగంట చాలును. అత్తగారినో, అమ్మనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఫోనును వారి చేతిలోనే యుంచి, మన చేతులను ఒడిలో పెట్టుకొని నేర్పుదము. తప్పుచోట తట్టినను తొందరపడి లాగుకొనక, మరల వెదకనిత్తము. తొలిసారి దుబాయి నుండి కొడుకు పిలిచినప్పుడు ఆమె తానే ఎత్తి పలుకు మాటను, ఆ కొడుకుతోపాటు మనమును విందుము.