గిటారు తీగెలు: సన్నమా, లావా?

భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సోనోమీటరును చూడని విద్యార్థి ఉండడు. పొడవైన చెక్కపెట్టె, దానిమీద ఒక తీగె, తీగె చివర వ్రేలాడే బరువులు. గిటారు కూడ ఒక విధముగా ఆరు తీగెల సోనోమీటరే. బరువులకు బదులు బిరడాలు త్రిప్పి తీగెను బిగిస్తారు.

గిటారు కొన్న కొద్దిరోజులకే క్రొత్త తీగెల అవసరము పడుతుంది. అంగడిలో అడిగితే 10, 11, 12 అనే అంకెలు వేసిన పొట్లాలు చూపుతారు. ఆ అంకె అన్నిటికంటె సన్నని తీగె మందము; అంగుళములో వేయవవంతుల లెక్క. 10 అంటే సుమారు 0.25 మిల్లీమీటరు. అప్పుడు ప్రక్కనున్నవారు తప్పక ఇచ్చే సలహా ఒకటున్నది: “సన్నవి తొందరగా తెగుతాయి, లావువి తీసుకో.” లెక్క కట్టి చూస్తే ఈ మాట నిలువదు.

తీగె పలికే స్వరము మూడింటిపై ఆధారపడుతుందని ఫ్రాన్సు దేశపు మెర్సెన్ 1636లోనే ప్రకటించాడు: తీగె పొడవు, దాని బిగువు అనగా తన్యత, ఒక మీటరు తీగె ద్రవ్యరాశి. ఉక్కు తీగెల గిటార్లలో చాలవాటికి మ్రోగే భాగము 648 మిల్లీమీటర్లు. మొదటి తీగె సెకనుకు దాదాపు 330 కంపనాలు చేయాలి. 10 నంబరు తీగె ఈ శ్రుతికి రావలెనంటే 7.4 కిలోగ్రాముల బరువు వ్రేలాడదీసినంత బిగువు కావాలి. 12 నంబరుకైతే 10.6 కిలోగ్రాములు. లావు తీగె ఎక్కువ బలమైనదే. కాని అదే శ్రుతి పలకడానికి అంతే నిష్పత్తిలో ఎక్కువ బిగువు కోరుతుంది. తీగె అడ్డుకోత వైశాల్యముతో భాగిస్తే రెండింటికీ ఒకే ఫలితము వస్తుంది: చదరపు మిల్లీమీటరుకు సుమారు 146 కిలోగ్రాములు. ఇటువంటి సన్నని వాద్యపు ఉక్కు 250కి పైగా ఓర్చుకోగలదు. కాబట్టి శ్రుతిలో ఉన్న తీగెకు, అది సన్నమైనా లావైనా, తెగే ప్రమాదము ఒకటే.

మరి తరచు మొదటి తీగెయే ఎందుకు తెగుతుంది? అది సన్నముగా ఉన్నందుకు కాదు, హెచ్చు శ్రుతిలో ఉన్నందుకు. తీగెలోని ఒత్తిడి కంపన సంఖ్య వర్గమునుబట్టి పెరుగుతుంది. మూడవ తీగె సెకనుకు 196 సార్లే కంపిస్తుంది గనుక దానిపై పడే ఒత్తిడి మొదటిదానిలో మూడవవంతుకంటె కొంచెమే ఎక్కువ. మొదటి తీగెను రెండు మెట్లు పైకి బిగిస్తే ఒత్తిడి ఒక్కసారిగా 26 శాతము పెరుగుతుంది. దానికితోడు బిరడావద్ద పదునైన వంపు, బ్రిడ్జిమీద గరుకు, చెమటవల్ల పుట్టిన తుప్పు మచ్చ ఉంటే తీగె అక్కడే తెగుతుంది. సన్నని తీగెలో ఇటువంటి గాయము త్వరగా లోతుకు పోతుందన్నది మాత్రము నిజమే.

అందుచేత సన్నము, లావు అన్నది వ్రేళ్లకు, చెవికి సంబంధించిన ప్రశ్న. తక్కువ బిగువున్న తీగె సులభముగా అణుగుతుంది, ప్రక్కకు లాగి గమకము పలికించడానికి అనువుగా ఉంటుంది. లావు తీగె చెక్కను గట్టిగా కదిలిస్తుంది; ధ్వని నిండుగా వస్తుంది, వ్రేళ్లకు కాయలూ కాస్తాయి. మొదలుపెట్టే విద్యార్థికి 10 లేదా 11 చాలు.

ఆరవ తీగె కథ వేరు. దాని కంపనాలు సెకనుకు 82, మొదటిదానిలో నాలుగవవంతు. అదే బిగువుతో మామూలు ఉక్కు తీగెను వాడితే మందము నాలుగింతలు, అంటే ఒక మిల్లీమీటరు కావాలి. అంత లావైనది తీగెవలె కాక కడ్డీవలె ప్రవర్తిస్తుంది. అది వంగడానికి మొరాయించడంచేత పై అనుస్వరాలు సరియైన గుణిజాలలో పడక, స్వరము అపశ్రుతిగా వినిపిస్తుంది. దీనికి ఉపాయముగా సన్నని ఉక్కు తీగె చుట్టూ వేరొక తీగెను చుడతారు. లోపలి తీగె వంగుతుంది, పైచుట్టు బరువునిస్తుంది. చుట్టు సాధారణముగా కంచుదని చెబుతారు. “80/20 కంచు” అని అమ్మేది నిజానికి రాగి, తుత్తునాగముల మిశ్రమము, అనగా ఇత్తడి. అసలు కంచు అనదగినది రాగి, తగరములతో కొద్దిపాటి భాస్వరము కలిపినది. దాని ధ్వని కొంత మెత్తన. విద్యుత్ గిటారులో తీగె కదలికను అయస్కాంతము గ్రహించాలి గనుక అక్కడ నికెలు పూత వేసిన ఉక్కుచుట్టు వాడతారు.

క్రొత్త తీగెలోని తళుకు కొద్దివారాలకే మాయమవుతుంది. చుట్ల సందులలో చెమట, మట్టి చేరి కంపనశక్తిని హరిస్తాయి. మొదట పోయేవి పై అనుస్వరాలే. వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడిస్తే ఆయుష్షు పెరుగుతుంది. 1990ల దశకములో వచ్చిన ప్లాస్టిక్ పూత తీగెలు ఎక్కువకాలము నిలుస్తాయి; ధర ఎక్కువ. తీగె అడుగున వ్రేలు జరిపితే మెట్లు కొరికిన గంట్లు తగులుతున్నవా, ఇక మార్చవలసినదే.

శాస్త్రీయ గిటారుకు పూర్వము జంతువుల ప్రేగు తీగెలే వాడేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో ఆ ప్రేగు శస్త్రచికిత్సలలో కుట్లు వేయడానికి అవసరమైనందున కొరత ఏర్పడింది. 1940ల దశకములో న్యూయార్కులోని ఆల్బర్ట్ అగస్టీన్, గిటారు విద్వాంసుడు సెగోవియా ప్రోత్సాహముతో, నైలాను తీగెలు తయారుచేశాడు. నైలాను ఉక్కుకంటె ఎన్నో రెట్లు తేలిక గనుక లావుగా ఉండాలి. మూడవ తీగె మరీ లావై కొంచెము మొద్దుగా పలుకుతుంది. ఇప్పుడు “కార్బన్” అని అమ్మేవి నైలానుకంటె బరువైన ఫ్లోరిన్ ప్లాస్టిక్ తీగెలు. అవి అయిదవవంతు సన్నముగా ఉండి స్పష్టముగా మ్రోగుతాయి.

ఇక్కడే కొనేవారు ఒక జాగ్రత్త పాటించాలి. ఆరు నైలాను తీగెల మొత్తము బిగువు సుమారు 40 కిలోగ్రాములు. 12 నంబరు ఉక్కు తీగెలది 70కి పైన. ధ్వని గట్టిగా వస్తుందన్న ఆశతో నైలాను గిటారుకు ఉక్కు తీగెలు బిగిస్తే, జిగురుతో అతికిన బ్రిడ్జి లేచిపోవచ్చును, పలుచని పైపలక ఉబ్బవచ్చును. పొట్లము పోయినా గుర్తు పట్టవచ్చును: నైలాను తీగెలను బ్రిడ్జికి ముడివేస్తారు, ఉక్కు తీగెల చివర చిన్న లోహపు పూస ఉంటుంది, చాలవాటిలో దానిని మేకుతో రంధ్రములో బిగిస్తారు.

తరగతిలో ఈ లెక్కను పరీక్షించడానికి గిటారు అక్కరలేదు. సోనోమీటరుపై 0.3, 0.4 మిల్లీమీటర్ల ఉక్కు తీగెలను ఒకదాని తరువాత ఒకటి అమర్చి, 50 సెంటీమీటర్ల పొడవులో 256 శృతిదండముతో కలపాలి. మొదటిదానికి సుమారు 3.7 కిలోగ్రాములు, రెండవదానికి 6.6 పడతాయి. ఒక్కొక్క బరువును ఆ తీగె అడ్డుకోత వైశాల్యముతో విద్యార్థులచేతనే భాగింపజేయాలి. బరువులు పెంచేటప్పుడు ముఖాలు తీగెకు దూరముగా ఉండాలి.