చిన్న ప్లినీ ఉత్తరాలు

ఉత్తరం విజ్ఞానశాస్త్రానికి ఆధారం కాగలదా? రోమన్ రచయిత చిన్న ప్లినీ రాసిన రెండు ఉత్తరాలు చూస్తే, కాగలదనే చెప్పాలి.

ఉత్తర ఇటలీలోని కోముం ఇతని స్వస్థలం. 'చిన్న' అని ఎందుకంటారంటే, ఇతని మేనమామ పేరూ ప్లినీయే. ఆయన మహా పండితుడు. భోజనం చేస్తున్నా, స్నానమయ్యాక ఒళ్ళు తుడిపించుకుంటున్నా పక్కన ఎవరో ఒకరు పుస్తకం చదివి వినిపించాల్సిందే. మేనల్లుడు నడిచి వెళ్తే, పల్లకిలో వెళ్ళి ఉంటే ఆ సమయం చదువుకు దక్కేది కదా అని మందలించాడట! అలా సేకరించిన సమాచారంతో 37 సంపుటాల 'ప్రకృతి చరిత్ర' రాశాడు. ఆంధ్రులకు కోటగోడలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 1,000 ఏనుగులు ఉన్నాయని అందులో ఉంది. అయితే, ఇతరులు చెప్పిన నమ్మశక్యం కాని వింతలు కూడా అందులో చేరాయి.

క్రీ.శ. 79లో ఆయన నేపుల్స్ అఖాతం ఒడ్డున, మిసేనంలో నౌకాదళాధిపతి. ఒకరోజు వెసూవియస్ కొండ వైపున వింత మేఘం లేచింది. పొడవాటి మాను, దానిపై గొడుగులా పరచుకున్న కొమ్మలతో పైన్ చెట్టులా ఉంది. దగ్గరగా చూద్దామని ఆయన బయలుదేరాడు. రమ్మంటే 17 ఏళ్ళ మేనల్లుడు చదువుకుంటానన్నాడు. ఇంతలో కాపాడమని కబురొచ్చింది. చూడటానికి బయలుదేరిన మనిషి పెద్ద ఓడలతో రక్షించడానికి వెళ్ళాడు. దారిలోనూ చూసినదాన్ని చెప్పి రాయిస్తూనే ఉన్నాడు. స్టాబియే తీరంలో చనిపోయాడు.

దాదాపు పాతికేళ్ళ తర్వాత, చరిత్రకారుడు టాసిటస్ అడిగితే, చిన్న ప్లినీ ఇదంతా రాశాడు. వరుస భూకంపాలు, వెనక్కి తగ్గిన సముద్రం, నేలకు దిగి నీటిపై పాకిన నల్లటి మేఘం, పగలే కమ్మిన చీకటి, అన్నీ అందులో ఉన్నాయి.

ఆ మేఘం చెట్టు ఆకారంలో ఎందుకుంది? సోడా సీసా మూత తీయగానే నురగ పొంగడం మీరు చూసే ఉంటారు. శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ పీడనం తగ్గుతుంది. అందులో కరిగిన వాయువులు వ్యాకోచించి, దాన్ని బూడిదగా చీల్చి వెదజల్లుతాయి. చుట్టూ ఉన్న గాలి వేడెక్కి ఆ స్తంభాన్ని ఇంకా పైకి లేపుతుంది. దాని సాంద్రత చుట్టుపక్కల గాలి సాంద్రతతో సమానమైన చోట అది పక్కలకు పరచుకుంటుంది. అదే గొడుగు! బరువెక్కిన స్తంభం కూలితే, మండే బూడిద, వాయువులు నేలబారుగా దూసుకుపోతాయి. 'నేలకు దిగిన మేఘం' అదేనని నేటి శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఇలాంటి విస్ఫోటనాలను 'ప్లినియన్' అంటారు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో ఇలాగే పేలింది.

సాక్షి మాటనూ శాస్త్రం పరీక్షిస్తుంది. ఉత్తరాల ప్రతుల ఆధారంగా ఆ రోజు ఆగస్టు 24 అని చాలాకాలం చెప్పుకున్నారు. 2018లో పాంపేలో వెలుగుచూసిన బొగ్గు రాతపై అక్టోబరు తేదీ ఉంది. ఏది నిజమన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.