మీకు తెలుసా? తెర మీద తేలే తెలుగు
డీటీపీ పని చేసుకునేవాళ్లకు “ఫైలు సేవ్ చెయ్యి” అని కంప్యూటర్ తెరే గుర్తుచేయగలదు. పని ఆగదు, కింద ఉన్న పేజీ కనబడుతూనే ఉంటుంది. 2003లో వచ్చిన ఉచిత ప్రోగ్రాం ఆటోహాట్‌కీలో కొన్ని వరుసల స్క్రిప్టు రాస్తే చాలు.

కిటుకు ముచ్చటైనది. ఆ మాట చూపే విండో అంతటికీ ఒకే రంగు పూసి, ఆ రంగును చూపించొద్దని విండోస్‌కు చెబుతారు. మిగిలేవి అక్షరాలే! మసకగా కావాలంటే 0 నుంచి 255 లోపు అంకె ఇవ్వాలి. 0 అంటే అసలు కనబడదు.

నల్లరంగు పూసి తెల్లక్షరాలు రాస్తే ఒత్తుల అంచుల్లో నల్లటి మరకలు మిగులుతాయి. పూసే రంగు అక్షరాల రంగుకు దగ్గరగా ఉంటే అవి కంటికి ఆనవు. స్క్రిప్టును మాత్రం యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేదంటే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు రావచ్చు.