పేను కొరకని పేనుకొరుకుడు

బాపట్ల జిల్లాలోని చీరాల చేనేతకు ప్రసిద్ధి చెందిన పట్టణం. మగ్గంపై పడుగులో పోగులు తెగినప్పుడు నేతలో ఆ మేరకు లోపం ఏర్పడుతుంది. మగ్గం మాత్రం చెడదు. నేతగాడు పోగులను అతికి నేత సాగిస్తాడు. మనిషి తలపై వచ్చే ఒక వ్యాధి స్వభావం కూడా ఇటువంటిదే. రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు రాలి, చర్మం నున్నగా కనిపించే ఆ వ్యాధిని తెలుగువారు ‘పేనుకొరుకుడు’ అంటారు.

ఈ పేరులో ఒక అపోహ దాగి ఉన్నది. పేను కొరకడం వల్ల ఈ వ్యాధి రాదు. ఒకరి నుండి మరొకరికి అంటుకోదు. అయినప్పటికీ కొందరు రోగి శుభ్రతను శంకిస్తారు. దువ్వెనను, దిండును వేరుచేస్తారు. సుశ్రుత సంహిత ‘ఇంద్రలుప్తం’ అనే పేర ఇటువంటి వ్యాధిని వర్ణించి, దోషాలు రోమకూపాలను అడ్డగించడమే దానికి కారణమని చెప్పింది. ఆధునిక వైద్యశాస్త్రం సైతం రోమకూపంలోనే కారణాన్ని అన్వేషించింది.

దేహాన్ని కాపాడే ‘టి’ కణాలు ఇతర కణాలపై ఉండే గుర్తులను పరిశీలించి, తనదేదో పరాయిదేదో నిర్ణయిస్తాయి. పెరిగే దశలోని కేశమూలం ఆ గుర్తులను చాలవరకు మరుగుపరచి, వాటి దృష్టికి అందకుండా ఉంటుంది. ఈ రక్షణ సడలినప్పుడు ‘టి’ కణాలు తేనెటీగల గుంపువలె కేశమూలాన్ని చుట్టుముడతాయి. అవి వెలువరించే గామా ఇంటర్‌ఫెరాన్ ప్రభావంతో రోమకూప కణాలు దాచుకొన్న గుర్తులను బయటపెడతాయి. ‘టి’ కణాలను మరింత ఉత్తేజపరచే ఇంటర్‌ల్యూకిన్-15 ను ఉత్పత్తి చేస్తాయి. ఈ విధంగా దాడియే దాడిని పెంచుతుంది. వెంట్రుక పెరుగుదల అర్ధాంతరంగా ఆగి, అది రాలిపోతుంది.

అయితే చీరాల మగ్గం వలె రోమకూపం నశించక నిలిచి ఉంటుంది. దాడి శమిస్తే వెంట్రుక మళ్ళీ మొలుస్తుంది. చిన్న మచ్చలు పలువురిలో చికిత్స లేకుండానే ఏడాదిలోపు పూడుకొంటాయి. కొందరిలో తిరగబెడతాయి, మరికొందరిలో తల అంతటా వ్యాపిస్తాయి. మచ్చపై గురివింద గింజను అరగదీసి పూయడం ప్రమాదకరం. ఆ గింజలో తీవ్రమైన విషం ఉన్నది. గామా ఇంటర్‌ఫెరాన్ సందేశాన్ని కణం లోపల అడ్డగించే బారిసిటినిబ్ అనే ఔషధాన్ని, వ్యాధి తీవ్రంగా ఉన్న పెద్దలకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో ఆమోదించింది. అది రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కనుక వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

తలపై ప్రతి మచ్చ పేనుకొరుకుడు కాదు. అంటుకొనే తామర కూడా కావచ్చు. వైద్యుడు నిర్ధారించాలి. పేనుకొరుకుడే అయినప్పుడు మాత్రం సహాధ్యాయి ప్రక్కన కూర్చోవడానికి ఎవరూ సంకోచింప నక్కరలేదు.