అర్పా తీరాన శ్రమదానం

బిలాస్‌పుర్ నగరంలోని గోల్ బజారుకు అర్పా నది ఎంతో దూరం కాదు. రైల్వే ఉద్యోగాల నిమిత్తం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది చిరపరిచితమైన నది. 2019లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రగీతంగా స్వీకరించిన పాట ఆ నది పేరుతోనే ఆరంభమవుతుంది. అయితే వేసవిలో ఆ నదీగర్భాన నీటికంటె ఇసుకే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇటువంటి చోట పదిమంది చేరి చేసే శ్రమదానం వల్ల ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న పాతదే. 1920లో స్విట్జర్లాండ్ దేశీయుడు పియర్ సెరెసోల్, యుద్ధంలో ధ్వంసమైన ఒక ఫ్రెంచి గ్రామాన్ని పునర్నిర్మించడానికి నిన్నటి శత్రుదేశాల వారిని ఒకచోట చేర్చాడు. 1934 బీహారు భూకంపం తరువాత మన దేశానికీ వచ్చి, బాధితుల గ్రామాలను తిరిగి నిలబెట్టే పనిలో పాల్గొన్నాడు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. ఏడాదికి 120 గంటల సేవ, 7 రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమాలు.

ఏడు రోజులు ప్లాస్టిక్ ఏరినంత మాత్రాన నది బాగుపడదు. తొలివానకే మురుగుకాలువలు మళ్ళీ చెత్తను తెచ్చిపోస్తాయి. మొక్క నాటడం ఒక పూట పని; రెండు వేసవులు దానికి నీరు పోయడమే అసలు సేవ. అయినా శిబిరం వ్యర్థం కాదు. స్వయంగా వంగి చెత్త ఏరిన చేయి, మరల దానిని పారవేయడానికి జంకుతుంది.

గోల్ బజారుకు చేతిసంచితో బయలుదేరే గృహిణి ఏ శిబిరంలో చేరకపోయినా, అర్పాకు సేవ చేస్తున్నట్లే.