ఒగ్గు కథకు సెల్‌ఫోనే రచ్చబండ

చేర్యాల: సంక్రాంతి వెళ్లాక వచ్చే మొదటి ఆదివారం కొమురవెల్లిలో 'పట్నం వారం'. హైదరాబాదు నుంచి తరలివచ్చే భక్తుల వల్లనే ఆ వారానికి ఆ పేరు వచ్చింది. పసుపు, కుంకుమ, రంగు పిండ్లతో నేల మీద పట్నాలు వేసి, ఒగ్గు పూజారులు మల్లన్న పెళ్లి చెబుతుంటారు. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మలతో స్వామి కల్యాణం వినడానికి జనం చుట్టూ కూర్చుంటారు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ దృశ్యంలో ఒక కొత్తదనం కనిపిస్తోంది. కూర్చున్నవారి చేతుల్లో సెల్‌ఫోన్లు పైకి లేచి ఉంటున్నాయి. భక్తుడు ఇల్లు చేరకముందే కథ ముక్క నాలుగు ఊళ్లు దాటిపోతోంది.

ఒగ్గు అంటే శివుని చేతిలోని డమరుకం. దాన్ని మోగిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పేవారిలో కురుమలు, గొల్లలు ఎక్కువ. ఈ విద్యకు పలకా బలపం లేవు. గురువు వెంట ఊరూరా తిరగాలి. తాళం పట్టాలి, డోలు కొట్టాలి, వంత పాడాలి. ప్రధాన కథకుడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఎత్తుకుంటాడో పసిగట్టాలి. ఎన్నో రాత్రులు నిద్ర కాస్తేగానీ ఒగ్గు చేతికి రాదు.

గురువు దొరకనివారి సంగతేమిటి? వెనుక అయితే దీనికి జాతరే జవాబు. ఎవరి దగ్గర ఏ కథ పూర్తిగా ఉందో, ఏ బృందానికి డోలు కొట్టేవాడు కావాలో నలుగురూ కలిసిన చోటే తెలిసేది. ఇప్పుడు ఆ పని చాలావరకు వాట్సాప్‌కు మారింది. ఫలానా ఊళ్లో బీరప్ప పండుగ ఉందన్న కబురు, అక్కడి కథ తాలూకు వీడియో బృందం నుంచి బృందానికి ఫోన్ల మీదనే చేరుతున్నాయి. చదువు అంతగా రానివారికీ ఇబ్బంది లేదు. నోటితో చెప్పి పంపితే చాలు. నోటి విద్యకు ఈ సౌకర్యం బాగానే అతికింది.

జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య ఒగ్గు కథను గుడి ముంగిలి నుంచి వేదికల మీదికి తెచ్చినవారిలో ముఖ్యులు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017లో కన్నుమూశారు. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు అంతకు ముందే, 2010లో వెళ్లిపోయారు. (జ్ఞానపీఠం అందుకున్న సినారె పుట్టిన ఊరూ అదే.) ఇద్దరి గొంతులూ ఇవాళ యూట్యూబ్‌లో వినవచ్చు. గురువును కళ్లతో చూడని కుర్రాడు కూడా ఆ ఎత్తుగడను, ఆ దరువును పదిసార్లు వెనక్కి తిప్పి నేర్చుకోవచ్చు. ఏ గురువూ ఒకే రాత్రి పదిసార్లు చెప్పడు కదా!

అయితే ఫోనులో దొరికేది ముప్పాతిక వంతు ముక్కలే. రాత్రి తెల్లవార్లూ సాగే కథలో నుంచి నవ్వించే చోటో, ఏడిపించే చోటో కోసి పెడుతున్నారు. రేడియో కోసం, సభల కోసం కథను కుదించడం కొత్తేమీ కాదు. అప్పట్లో కుదించినవారికి పూర్తి కథ నోట ఉండేది. ఇప్పుడు నేర్చుకునేవారికి ముక్క మాత్రమే వస్తే, కొన్నాళ్లకు అదే కథ అవుతుంది. పైగా ఎదుట కూర్చున్న జనాన్ని బట్టి కథకుడు సాగదీస్తాడు, ముడుస్తాడు, పెట్టించుకున్న ఇంటివారిని కథలోకి లాగుతాడు. వీడియో చూసి నేర్చినవారు ఒకే హాస్యాన్ని ఊరూరా చెబుతుంటే వినేవారు పసిగడుతున్నారు. ఆదాయం సంగతి మరొకటి. కథ ఎవరి చానల్‌లో ఎక్కితే డబ్బు వారిది, చెప్పినవారిది కాదు.

చేర్యాలకు ఈ అనుభవం కొత్త కాదు. ఇక్కడి నకాషీ చిత్రకారుల పటాలు ఒకప్పుడు కథకుల సొత్తు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు పటం విప్పి ఒక్కో బొమ్మా చూపుతూ కథ నడిపేవారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారికి కొయ్యబొమ్మలు కావాలి. తరువాత పటానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోడకు వేలాడదీసే బొమ్మగా, ముఖాల ముసుగుగా పట్నాల్లో అమ్ముడవుతోంది. చిత్రకారుడికి కొనేవారు దొరికారు, మంచిదే. పటం విప్పి చెప్పేవాడికి మాత్రం వినేవారు తగ్గారు. అతనికి తరతరాలుగా కొన్ని ఊళ్ల మీద హక్కు ఉండేది. ఆ ఊళ్లవారు కథ పెట్టించుకోకపోతే ఫోనులో ఎందరు చూసినా ఆ హక్కు తిరిగి రాదు.

కథలు భద్రపరిచిన చోట్లు లేకపోలేదు. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద, గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఆచార్య బిరుదురాజు రామరాజు కాలం నుంచి పరిశోధకులు ఊళ్లు తిరిగి సేకరించింది చాలా ఉంది. వీటిలో కొన్ని మరీ దూరం వెళ్లాయి. అటు పల్నాడులో అలిశెట్టి గాలేయ్య పాడిన వీరుల కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ ఇంగ్లీషులోకి తేగా, 1982లో ఆక్స్‌ఫర్డ్‌వారు అచ్చువేశారు. పండితులకు అది గొప్ప ఆధారం. అదే కథ పాడే మరో గాయకుడికి ఆ పుస్తకం చేతికిచ్చినా ఉపయోగమేమిటి? అతనికి కావలసింది గొంతు. ఆ గొంతు అతని ఫోనుదాకా రావాలి.

హరికథకు ఒక బడి ఉంది. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలోని సర్వారాయ హరికథా పాఠశాలలో ఆడపిల్లలు అక్కడే ఉండి నేర్చుకుంటారు. 2024లో పద్మశ్రీ అందుకున్న ఉమామహేశ్వరి అక్కడ చదివినవారే. అదే ఏడాది ఆ గౌరవం పొందిన గడ్డం సమ్మయ్యది జనగామ జిల్లా దేవరుప్పుల. చిందు యక్షగానం ఆయన కళ. ఒగ్గుకు మాత్రం అలాంటి బడి ఈ చుట్టుపక్కల కనిపించదు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఉపకార వేతనం ఇచ్చే పథకం ఉన్నా, ఊరి కుర్రాడు దరఖాస్తు నింపాలంటే మరొకరి సాయం కావలసిందే.

పెద్దవారు ఉండగానే కథను మొదటి నుంచి మంగళం దాకా, కోత లేకుండా ఎత్తుకోవాలి. దీనికి కావలసినవి ఒక ఫోను, దాన్ని నిలబెట్టే కర్ర, తెల్లవార్లూ కూర్చునే ఓపిక. మొదటి రెండూ ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఆ ప్రతి ఒకటి కథకుడి ఇంట్లోనే ఉండాలి.

కొమురవెల్లి జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం సాగుతుంది. కథ వినదలచినవారు పట్నం వేయడం మొదలు కాకముందే వెళ్లి కూర్చోవడం మంచిది.