రాయవరం అంటే ఏ రాయవరం?

మారిషస్‌లో పుట్టిన గాయని ముత్తాత ఊరు వెతుక్కుంటూ గోదావరి జిల్లాలకు వస్తే, ఆమెకు దారి చూపేదెవరు?

ఇటలీలోని అబ్రుజో కొండల్లో పచెంత్రో అని ఓ చిన్న ఊరుంది. పాప్ గాయని మడోన్నా తాత, నాయనమ్మ అక్కడివాళ్లే. బతుకుతెరువు కోసం అమెరికా వెళ్లి, పెన్సిల్వేనియాలో ఉక్కు మిల్లులున్న అలిక్విపాలో స్థిరపడ్డారు. మనవరాలి పేరు ప్రపంచమంతా మారుమోగాక, 1988లో ఊరి పెద్దలు ఆమెకు 13 అడుగుల విగ్రహం తలపెట్టారు. విగ్రహం సంగతి అలా ఉంచండి. అక్కడి చర్చిలో బాప్తిస్మపు పుస్తకాలున్నాయి, పురపాలక కార్యాలయంలో జనన మరణాల దస్త్రాలున్నాయి. ఎవరింటి పిల్ల ఎక్కడికి పోయిందో ఆ ఊరికి తెలుసు.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. వెళ్లినవాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు.

గోదావరి జిల్లాల్లోని మన రాయవరానికి కోరంగి రేవు ఎంతో దూరం లేదు. ఇప్పుడు మడ అడవులూ పర్యాటకుల పడవలూ కనిపించే ఆ చోటు, 19వ శతాబ్దంలో ఓడలు కట్టే రేవు, మనుషుల్ని ఎగుమతి చేసిన రేవు కూడా. 1839 తుపాను దాన్ని ఊడ్చేసినా రాకపోకలు ఆగలేదు. 1843లో ‘కొరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్ చేరింది. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్లను ‘కొరింగీలు’ అన్నది ఈ రేవు పేరుమీదే. అందరూ ఇక్కడే ఓడెక్కారని కాదు. విశాఖ, మద్రాసు రేవుల నుంచీ వెళ్లారు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కూ పోయారు.

మారిషస్‌లో చెరకు తోటలకు వెళ్లిన ప్రతి కూలీకీ ఓ నంబరిచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ అన్నీ రాసుకున్నారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. దొరలకు మన మీద ప్రేమ ఉండి కాదు, పారిపోయినవాణ్ని పట్టుకోవడానికి ఆధారం కావాలి గనక. అదే ఇప్పుడు మునిమనవలకు అక్కరకొస్తోంది.

చిక్కంతా ఆ తర్వాతే. రిజిస్టరులో ‘రాయవరం’ అని ఉందనుకోండి. ఏ రాయవరం? గోదావరి జిల్లాల్లో ఒకటి. గురజాడ పుట్టిన ఎస్.రాయవరం అనకాపల్లి జిల్లాలో. మార్కాపురం దగ్గర ఇంకొకటి. పైగా రాసింది తెలుగు రాని గుమాస్తా. జిల్లా పేరు కూడా చూసుకుంటే తప్ప గట్టెక్కం. ఆ జిల్లాల సరిహద్దులూ ఎన్నోసార్లు మారాయి. మన రాయవరమే 2022 దాకా తూర్పుగోదావరిలో ఉంది. గోదావరి పాయ గౌతమికి ఇవతల ఉండి కూడా అప్పుడు కోనసీమ జిల్లాలో చేరింది!

ఇంటిపేరు పట్టుకుని వెతకొచ్చు కదా అంటారా? అక్కడ చాలామందికి అది మిగల్లేదు. ఓడెక్కినవాడి పేరే పిల్లలకు ఇంటిపేరైపోయింది. ముత్తాత పేరు అప్పలసామి అయితే వంశమంతా అప్పలసాములే. ఊళ్లో భూమి రికార్డులు తిరగేద్దామంటే, వెళ్లినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. పొలం ఉన్నవాడి పేరు అడంగల్‌లో ఉంటుంది. లేనివాడి పేరు సముద్రం అవతల ఉంది.

ఇక్కడే గాయనికి మిగతావాళ్లకు లేని ఆధారం ఒకటుంది. మారిషస్ తెలుగువాళ్లు రామభజనలు పాడతారు, అమ్మోరి పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. అప్పన్న పాట నిలిచిన ఇంటివాళ్లు ఉత్తరాంధ్రవాళ్లయి ఉండే అవకాశమే ఎక్కువ. నానమ్మ పాడిన జోలపాటలో ఏ ఊరి దేవుడున్నాడు, ఏ యాస వినిపిస్తోంది, భజన ఏ దరువులో నడుస్తుంది అన్నవి గుమాస్తా రాతకంటే నమ్మకమైన జాడలు. పాట ఊరి పేరు చెప్పకపోవచ్చు, సీమ చెబుతుంది. సీమ తెలిస్తే మూడు రాయవరాల్లో రెండు పక్కకు పోతాయి.

కాకపోతే పోల్చి చూడటానికి ఇవతల కూడా పాట ఉండాలి. వరినాట్ల పాటలు మిషన్లు వచ్చాక ఎవరు పాడుతున్నారు? రామాలయంలో భజన బృందం పెద్దలు ఎందరు మిగిలారు? రచయిత వంశీ ‘మా పసలపూడి కథలు’ రాశారు గనక మన రాయవరం పక్కనే ఉన్న పసలపూడి మనుషులు పుస్తకంలోకి ఎక్కారు. పాటలకు ఆ పని చేసినవాళ్లు తక్కువ.

ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఫోను రికార్డింగు పెట్టి ఓ పాట పాడించండి. ఆవిడ పేరు, పుట్టిన ఊరు, మండలం, ఎవరి దగ్గర నేర్చుకుందీ చివర్లో చెప్పించండి. ‘రాయవరం’ అని వదిలేయకండి, ఏ రాయవరమో కూడా చెప్పించండి.